జాలిగుండె కలిపిన మాటలు

మా ఆఫీసులో ఆవిడకి అందరూ కలిసి పెట్టిన పేరు కత్తెర. ఎదురుపడితే మాత్రం అక్కా అనేవాళ్లం. ఎవరి కాగితంలోనైనా ఒక్క మాట ఎక్కువైతే చాలు, దాని మీద ఎర్ర గీత పడేది. మా పెద్దసారు ఒళ్లంతా చెమటలు పట్టేలా కష్టపడి రాసుకున్న ముందుమాటని కూడా సగం కొట్టేసి, "ఇది లేకపోయినా అర్థమవుతోంది సార్" అని తిరిగిచ్చిన మనిషి. ఆ రోజు ఆయన మొహం చూడాల్సింది. నేనైతే నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లిపోయాను.

మేం చేసే పని ఏమిటో మా అమ్మకి ఇప్పటికీ ఎక్కదు. "నాటకాల్లో మాటలు లెక్కపెడితే జీతాలు ఇస్తారా?" అంటుంది. ఇస్తారు, అంతంతమాత్రమే అనుకోండి. నాలుగు వందల ఏళ్ల కిందట నాటక సమాజాలు ఊరూరా తిరుగుతూ ఆడిన నాటకాలు మా యూనివర్సిటీ లైబ్రరీలో గుట్టలుగా ఉన్నాయి. చాలావాటికి రాసినవాడి పేరు లేదు. కొన్ని ఇద్దరు ముగ్గురు కలిసి రాసినవి. వాటిని టైపు చేసి, కంప్యూటర్లో పెట్టి, ఏది ఎవరి చెయ్యో తేల్చాలి. రాజు, కత్తి, కన్నీళ్లు లాంటి పెద్ద మాటలు ఎవడైనా ఎవడి దగ్గరైనా ఎత్తుకొస్తాడు. కానీ కదా, పోనీ, కాస్త, అయినా లాంటి చిన్న మాటల మీద ఎవరికీ ధ్యాస ఉండదు. అవి మనిషి నడక లాంటివి. ఎంత వేషం వేసినా నడక మారదు. అందుకే మేం వాటినే లెక్కపెడతాం.

రెండో పని ఇంకా చిత్రమైనది. ఒక్కొక్క మాటకీ దుఃఖమో, సంతోషమో, భయమో బరువు కట్టి, మొదటి రంగం నుంచి చివరి రంగం దాకా నాటకం మనసు ఎలా నడిచిందో గీత గీస్తాం. సంతోషం పెరిగితే గీత పైకి లేస్తుంది. పెద్దసారు దీనికి పెద్ద పేరే పెట్టాడు. మేం మాత్రం గీత అనే అంటాం.

లెక్కల ప్రోగ్రాం నడిపేది నేను. నాటకాలు చదివి, ప్రతులు సరిచూసేది కత్తెరక్క. మా గది లైబ్రరీ కింద, పాత పుస్తకాలకి అట్టలు అతికించే చోటికి పక్కనే ఉంటుంది. పొద్దుటికల్లా జిగురు వాసన పట్టేస్తుంది. కిటికీ లేదు. పెద్దసారు దీన్ని ప్రయోగశాల అంటాడు. ఆయనకేం, మూడో అంతస్తులో గాలీ వెలుతురూ ఉన్న గదిలో కూర్చుని ఏమైనా అంటాడు.

ఆ గదిలోనే కత్తెరక్క జాలిగుండెని పట్టుకుంది. అంటే మనిషిని కాదు, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఒక లేఖకుణ్ణి. అతను ఎత్తిరాసిన నాటకాలు మా దగ్గర చాలా ఉన్నాయి. రాసినవాళ్లు వేరువేరు. అయినా అన్నిటిలోనూ చావు ఘట్టాలు మాత్రం ఒకే చేతి రాతలా లెక్కల్లో తేలాయి. చచ్చేవాడు రాజు కానివ్వండి, కూలివాడు కానివ్వండి, ఆఖరి నిమిషంలో పక్కవాళ్లని ఓదార్చి, నేను హాయిగానే పోతున్నాను అని చెప్పి మరీ పోతాడు. అవే నాటకాల వేరే ప్రతుల్లో ఆ ఓదార్పు లేదు. అక్కడ తిడుతూ పోతారు, భయపడుతూ పోతారు, లేదా నోరు తెరవకుండా పోతారు. ఎత్తిరాస్తున్న మహానుభావుడు అది చూడలేక తన మాటలు కలిపేశాడన్నమాట.

"చచ్చేవాణ్ణి తిన్నగా చావనివ్వడమ్మా వీడు," అని కత్తెరక్క తిట్టుకుంటూ ఎర్ర గీతలు కొట్టేది. జాలిగుండె అన్న పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఆ తరవాత మా గదికి ఆవిడ రెండు రూల్సు పెట్టింది. ఏ పరీక్ష చేసినా, జవాబు ముందే తెలిసినది, అంటే రాసిందెవరో ఖాయంగా తెలిసిన నాటకం లాంటిది, ఒకటి అందులో పడెయ్యాలి. దానికి సరైన జవాబు వస్తేనే మిగతావాటిని నమ్మాలి. రెండోది, టైపు చేసినవాళ్ల సొంత రాతలు కూడా కలిపి చూడాలి. వాళ్ల చెయ్యి పాఠంలో పడి ఉంటే అక్కడ బయటపడిపోతుంది. అందుకని మా అందరి సెలవు చీటీలూ, ఉత్తరాలూ ప్రోగ్రాంలో ఎప్పుడూ ఉంటాయి. నా సెలవు చీటీల్లో చచ్చిపోయిన చుట్టాలు మరీ ఎక్కువయ్యారని ఆవిడ వేళాకోళం చేసేది.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మనిషి వాగుడుకాయ. సాయంత్రం ఆవిడని తీసుకెళ్లడానికి వచ్చి, మా గది గుమ్మంలో నిలబడి కబుర్లు మొదలెట్టేవాడు. ముందు ఏమీ చెప్పకుండానే ప్రతి కథా ఇంతకీ అని ఎత్తుకునేవాడు. "ఇంతకీ నిన్న పెళ్లికొడుకు ఒకడు ఇరుక్కుపోయాడు తెలుసా? తలుపు తీస్తే, ఇంకాసేపు మూసి ఉంచవయ్యా అన్నాడు."

"ఇంట్లో కూడా ఇన్ని కబుర్లు చెబుతారా బావగారూ?" అని అడిగాను ఒకసారి.

"ఇంట్లో కత్తెర ఉంటుందిగా తల్లీ," అన్నాడు ఆవిడ వైపు చూస్తూ. ఆవిడ నవ్వలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. పిల్లలు లేరు. ఒకళ్లకి ఒకళ్లు, అంతే.

ఆ మనిషి ఒకరోజు లిఫ్టు ఆపేసి, మెట్లెక్కి పై అంతస్తుకి వెళుతూ మధ్యలో కూలిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది. కుడి పక్కంతా పడిపోయింది, మింగడం పోయింది, మాట పోయింది. ముక్కులోంచి గొట్టం వేసి దాని ద్వారా పాలూ జావా పోసేవారు. ఇంటికి తెచ్చాక ముందుగదిలో ఇనుప మంచం వేశారు. ఎడమ చెయ్యి బాగానే ఉంది. ఆ చేత్తో గొట్టం పీకేస్తున్నాడని, మెత్తటి గుడ్డతో మణికట్టుని మంచం పట్టీకి కట్టేవారు. ఆ కట్టు కనపడినప్పుడల్లా నేను మొహం తిప్పేసుకునేదాన్ని.

పగలు ఆయన అక్కగారు కనిపెట్టుకుని ఉండేది. ఆవిడ దర్జీ. తన కుట్టుమిషను ఆ గదిలోకే తెచ్చుకుని, తమ్ముణ్ణి చూస్తూ జాకెట్లు కుట్టేది. నోరు దురుసు, చెయ్యి మంచిది. కత్తెరక్క ఆఫీసు నుంచి వెళ్లాక మంచం పక్కన కూర్చుని, ఫోన్లో రికార్డు పెట్టి ఆయనతో మాట్లాడేది. మర్నాడు భోజనాల వేళ మా గదిలో ఆ మాటలు టైపు చేసుకునేది. మొదట్లో నాకు చూపించలేదు. తరవాత ఒకరోజు స్క్రీన్ నా వైపు తిప్పింది.

"చదువు. ఆయనకి మాట వస్తోంది."

చదివాను. ఆమె, ఆయన అని పేర్లు పెట్టి అచ్చం నాటకంలాగే టైపు చేసింది. కాస్త ఎండ పడనివ్వు, అంటాడు ఆయన. పోనీలే, రేపటికి తగ్గుతుంది కదా, అంటాడు. నువ్వు తిన్నావా, అంటాడు. నాకు ఏడుపొచ్చింది. నిజంగా సంతోషమేసింది.

అప్పుడే డాక్టరు ఆ సంగతి తెచ్చాడు. ముక్కు గొట్టం ఇంక ఎక్కువ కాలం ఉంచడం కుదరదు. పొట్టకి చిన్న రంధ్రం చేసి అక్కడ గొట్టం పెడితే ఏళ్ల తరబడి అలాగే బతికించవచ్చు. అక్కరలేదనుకుంటే గొట్టం తీసేసి, మింగినంత తినిపిస్తూ, బాధ లేకుండా చూసుకుంటామన్నాడు. ఆ రెండోదానికి అర్థం ఏమిటో ఎవరూ పైకి అనలేదు. "ఆయనే చెప్పగలిగితే ఆయన్నే అడిగేవాణ్ణి. ఆయనకి ఏది ఇష్టమో మీకే తెలియాలి. శుక్రవారానికి చెప్పండి," అన్నాడట.

"చాలమ్మాయ్, వాణ్ణి వదిలెయ్," అందట అక్కగారు. "వాడి మొహం చూస్తే నీకు తెలియడం లేదా? పొద్దస్తమానం చూస్తున్నదాన్ని నేను."

"ఆయన బతకాలనుకుంటున్నారు వదినా. నాతో మాట్లాడుతున్నారు. మీరు మిషను చప్పుడులో వినడం లేదు."

"నాతో ఒక్క మాట తప్ప అనడే మరి?"

కత్తెరక్క ఆ ఒక్క మాట ఏమిటో నాతో చెప్పలేదు. ఫైలు మాత్రం తెచ్చి, గీత గీసిపెట్టమంది. గీశాను. మొదట్లో నేలబారుగా పాకిన గీత రానురానూ పైకి లేచింది. మా నాటకాల్లో ఏ ఒక్కదానికీ అంత మంచి గీత రాలేదు. దాన్ని కాగితం మీద అచ్చువేయించి ఇంటికి తీసుకెళ్లి ఆడపడుచు ముందు పెట్టింది. ఆవిడ మిషను ఆపి చూసి, "ఇదేంటి, జ్వరం కాగితమా?" అందట. ఆ మాట చెబుతూ కత్తెరక్క మొహం చిన్నబుచ్చుకుంది.

గురువారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుంది.

"ఇంకొక్కటి చేసిపెట్టు. జబ్బుకి ముందు ఆయన ఫోన్లో పెట్టిన మెసేజ్‌లన్నీ తెచ్చాను. చాంతాడంత పొడుగు మెసేజ్‌లు పెట్టేవారుగా. వాటినీ, ఈ ఫైల్లో ఆయన పేరున ఉన్న మాటల్నీ పక్కపక్కన పెట్టు. చిన్న మాటలు కలిస్తే మనిషి ఆ మనిషే. అది చూపిస్తే వదిన ఏమీ అనలేదు. రేపు ఆపరేషనుకి సంతకం పెట్టేస్తాను."

మామూలుగా చేసే పరీక్షే కాబట్టి మామూలుగానే పెట్టాను. జవాబు తెలిసిన పాత నాటకం ఒకటి వేశాను. మా అందరి రాతలూ ఎలాగూ ఉన్నాయి. ఆవిడ నా వెనక నిలబడింది. స్క్రీన్ మీద చుక్కలు పడ్డాయి. ఒకే చేతి రాతలు దగ్గరదగ్గరగా పడతాయి, అంతే దాని తంతు. బావగారి పాత మెసేజ్‌లన్నీ ఒక మూల గుంపుగా చేరాయి. కొత్త ఫైలు చుక్క వాటి దరిదాపుల్లో లేదు. ఎక్కడో అవతల, ఇంకో చుక్క మీద ఇంచుమించు ఎక్కి కూర్చుంది.

ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. ఆవిడ కూడా అదే అనుకుంది.

"మళ్లీ వెయ్యి."

మళ్లీ వేశాను. అదే పడింది.

"జవాబు తెలిసినది ఎక్కడ పడింది?"

"దాని చోట అది సరిగ్గానే పడిందక్కా."

"మరి ఆయన పక్కనున్న ఆ చుక్క ఎవరిది?"

ఆవిడకి కనిపిస్తూనే ఉంది. అయినా అడిగింది. చెప్పక తప్పలేదు. "నీదే అక్కా. నీ ఉత్తరాలూ, సెలవు చీటీలూ."

పక్కగదిలో ఎవరో అట్టల మీద సుత్తితో కొడుతున్నారు. ఫైలు తెరిచి చిన్న మాటలు చూశాను. కాస్త, పోనీ, కదా. ఇంతకీ అన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంతకీ లేకుండా ఆ మనిషి గుక్కెడు నీళ్లయినా అడిగి ఎరగడు.

"రికార్డింగులు ఉన్నాయా అక్కా?"

ఉన్నాయంది. ఫోను బల్ల మీద పెట్టి, ఒకదాని మీట నొక్కింది. కాస్త ఎండ పడనివ్వు అని ఆయన అన్న రోజుది.

ముందు ఆవిడ గొంతే వినిపించింది. "కాస్త ఎండ పడనివ్వనా? పడితే బాగుంటుంది కదా?"

గురక లాంటి ఊపిరి. మంచం కిర్రుమంది. తరవాత ఆయన గొంతు. నేనెరిగిన గొంతే, కానీ ఎక్కడో గోతిలోంచి వచ్చినట్టుంది. "వద్దు."

"అదే నేనూ అంటున్నా. పోనీ సగం తెర తీస్తాను."

"వద్దు."

ఇంకొకటి పెట్టింది. ఇంకొకటి. నువ్వు తిన్నావా అన్నది కూడా విన్నాం. "నేను తిన్నానా లేదా అనా అడుగుతున్నారు? తిన్నాను లెండి," అని ఆవిడే అంటోంది. అవతల అదే మాట. అన్నిటిలోనూ అదే మాట, ఒకచోట గట్టిగా, ఒకచోట ఏడుపు గొంతుతో, ఒకచోట ఊరికే గాలి పీల్చి వదిలినట్టు. ఫైల్లో ఆ మాట ఎక్కడా లేదు.

"ఇలాంటి జబ్బులో ఒక్కోసారి ఒకే మాట ఇరుక్కుపోతుందని డాక్టరే చెప్పాడు," అంది ఆవిడ, నా వైపు చూడకుండా. "ఏమనబోయినా అదే బయటికొస్తుందట. దానికి అర్థం ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నాడు. అందుకని దాన్ని తీసేసి, కళ్లలోకి చూసి ఆయన ఏమనబోయారో అది రాశాను. నాకు తెలియదా ఏమిటి, ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని?"

ఏమంటే ఏమి తగులుతుందో అని భయపడి, ఫైలు మూసేశాను.

"జాలిగుండెగాడు నయం," అంది ఆవిడ. "వాడు తలా నాలుగు మాటలే కలిపాడు. నేను మొత్తం మనిషినే రాసేసుకున్నాను." అని ఫోను మూసి సంచిలో పడేసుకుని, "నాతో ఇంటికి రా," అంది.

ఇంకా ఎండ ఉండగానే వాళ్లింటికి చేరాం. అక్కగారు మమ్మల్ని చూసి మిషను ఆపింది. గదిలో డెట్టాలు వాసన, పాల వాసన. బావగారు మంచం మీద సగానికి చిక్కిపోయి ఉన్నాడు. కళ్లు మాత్రం మా వెంట తిరిగాయి, తిరిగినట్టు నాకు అనిపించింది. కత్తెరక్క చెప్పులు విడిచి, చెయ్యైనా కడుక్కోకుండా వెళ్లి ఆయన మణికట్టు కట్టు విప్పింది. ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, మంచం అంచున కూర్చుంది. రికార్డు పెట్టలేదు.

"ఏవండీ, ఒక మాట అడుగుతాను. నేను జవాబు చెప్పను. మీరే చెప్పాలి." ఆగింది. "పొట్టకి ఆపరేషను చేయించమంటారా?"

ఎప్పుడూ తనే అందుకునే మనిషి, ఈసారి నోరు మూసుకుని కూర్చుంది.

"వద్దు," అన్నాడు.

"అయితే ఇలాగే, ఈ గొట్టంతోనే ఉంచమంటారా?"

"వద్దు."

ఆవిడ గొంతు అప్పటిదాకా బాగానే ఉంది. మూడో ప్రశ్నకి పగిలిపోయింది. "నన్ను లేచి వెళ్లిపొమ్మంటారా?"

ఆయన ఛాతీ పైకి లేచి దిగింది. "వద్దు."

ఆవిడ ఆ చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. అక్కగారు కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది. అయితే మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టే మనిషికి కొలత సరిచూడనిదే గుడ్డ కత్తిరించే అలవాటు లేదు. మెల్లగా అంది. "మూడిటికీ అదే అంటున్నాడమ్మాయ్. తెలిసి అంటున్నాడో లేదో. నన్ను చూపించి, ఈవిడ మీ అక్కేనా అని అడుగు. దానికి ఔనంటే..."

"అడగొద్దు వదినా."

"అది కాదే, దానికీ వద్దంటే మరి..."

"అడగొద్దన్నాను కదా!" అని అరిచింది. వెంటనే గొంతు తగ్గించింది. "మూడో మాట నాకు కావాలి వదినా. అది నన్నుద్దేశించి అన్నదే అనుకుంటున్నాను. దాన్ని ఉంచుకోవాలంటే మొదటిదాన్నీ ఉంచుకోవాలి. నాకు నచ్చినదొక్కటి తీసుకుని తక్కినవి కొట్టేస్తే మళ్లీ నేను రాసినట్టే కదా."

శుక్రవారం ఆవిడ సంతకం పెట్టలేదు. ముక్కు గొట్టం తీసేశారు. కట్టు విప్పిన చెయ్యి మళ్లీ కట్టనవసరం లేకపోయింది. చెంచాతో ఇచ్చినదాంట్లో కాస్త మింగేవాడు, ఎక్కువ బయటికి వచ్చేసేది. పెద్ద బాధేమీ పడలేదని అక్కగారు చెప్పింది. ఆ నెల దాటలేదు. పోయేముందు ఏమైనా అన్నాడా అని పెద్దసారు తెలివితక్కువగా అడిగాడు. "ఏమీ అనలేదు సార్," అంది కత్తెరక్క. ఏమీ అనలేదనే టైపు చేసి ఉంటుంది, అసలు చేసి ఉంటే.

ఆయనకి తెలిసే అన్నాడా, లేక ఇరుక్కుపోయిన మాటేనా అన్నది నాకు తెలియదు. ఒక్క మాట పెట్టుకుని ఏ ప్రోగ్రామూ తేల్చలేదు. తేల్చగలిగినది ఆ నాలుగో ప్రశ్న ఒక్కటే. జవాబు ముందే తెలిసినది ఒకటి అడగాలని ఆ గదిలో మా ముగ్గురిలోకీ ఆవిడకే బాగా తెలుసు. ఆ రూలు పెట్టిందే ఆవిడ. అడగలేదు. నేనైనా అడిగేదాన్ని కాదు.

సెలవయ్యాక ఆవిడ మళ్లీ పనిలోకి వచ్చింది. జాలిగుండె ప్రతులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఎర్ర గీతలు పడుతూనే ఉన్నాయి, కానీ వాణ్ణి తిట్టడం మానేసింది. నేను పరీక్ష పెట్టేటప్పుడు మునుపటిలాగే వచ్చి నా వెనక నిలబడుతుంది. జవాబు తెలిసినది వేశావా అని మాత్రం అడగదు. ఆవిడ అటు తిరిగినప్పుడు చూసి నేనే వేస్తాను.